సామ్యేల్ చేసే డ్రెస్సింగ్

గోదావరిఖనిలో కొత్త బొగ్గు బాయిలు తవ్వుతున్న రోజుల్లో, బజారు మూలన కొమురెల్లి తన మంగలి దుకాణానికి బోర్డు కట్టించాడు. హెయిర్ డ్రెస్సింగ్ అని పెద్దక్షరాలు. బడి తెరిచే నెలలో ఒకావిడ ఎవరితోనో ఆ బోర్డు చదివించుకుని, కొడుకు డ్రెస్సు కుట్టమంటూ గుడ్డతో సహా లోపలికి పోయింది. కత్తిరించడం వరకే తన పని, కుట్టడం చేతకాదని కొమురెల్లి చెప్పి పంపాడు. దాన్ని చెప్పుకుని చాలా రోజులు నవ్వుకున్నాం. అదే మాట సామ్యేల్ బతుకులో చేసిన పనికి మాత్రం మాకు నవ్వు పూర్తిగా రాలేదు.

సామ్యేల్ గోదావరి అవతల ఒక మిషన్ దవాఖానలో డ్రెస్సర్. పుండు కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాడు. చేయి ఎంత మెత్తనిదంటే, కట్టు విప్పేటప్పుడు కూడా పిల్లలు ఏడ్చేవారు కారు. బొగ్గు బాయిల్లో మనుషులను తీసుకుంటున్నారని విని ఇవతలికి వచ్చాడు. ఏం పని వచ్చని అడిగిన గుమాస్తాకు డ్రెస్సర్ పని అని చెప్పాడు. గుమాస్తా మొహం వెలిగింది. డ్రెస్సర్లు దొరక్కే చస్తున్నామన్నాడు. సామ్యేల్ భార్య సుగుణమణి ఆ సాయంత్రం బస్తీ అంతా బెల్లం పంచింది.

మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని, దూదీ టించరూ ఉన్న డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయాడు. అక్కడ తనకంటే పొడుగైన ఇనుప గడ్డపార చేతికిచ్చారు. బాయిలో డ్రెస్సింగంటే వేరు. మందు పెట్టి బొగ్గు పేల్చాక పైకప్పు పగుళ్ళిచ్చి వేలాడుతుంటుంది. దాన్ని కొట్టి చూసి, ఊడేదంతా ముందే ఊడగొట్టాలి. అది అయ్యేదాకా ఆ కప్పు కిందికి ఎవరూ రాకూడదు, డ్రెస్సర్ తప్ప.

ఆ సాయంత్రమే భార్యకు చెప్పేద్దామని ఇంటికి వచ్చాడు. గుమ్మంలో పక్కింటి ఐలవ్వ కాలి కురుపు చూపించుకోవడానికి కూర్చుని ఉంది. సుగుణమణి వేణ్ణీళ్ళు కాచి పెట్టింది. ఆయన కట్టు కట్టాడు, చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకూ కష్టమైంది. బాయి దవాఖానకు మార్చమని ఆయన ఆఫీసులో అడుగుతూనే ఉన్నాడు, ఖాళీ లేదని వాళ్ళు అంటూనే ఉన్నారు. భుజం గీరుకుపోతే మంచం కోడు తగిలిందనేవాడు. మసి అక్కడే కడుక్కుని వచ్చేవాడు గానీ కనురెప్పల అంచుల్లో నలుపు పోయేది కాదు. మీ ఆయన కాటుక పెట్టుకుంటడా అని ఐలవ్వ ఆటపట్టించేది.

బస్తీలో అందరికీ తెలిసిపోయింది. సుగుణమణికి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. వేళగాని వేళ బాయి కూత వినిపిస్తే, లోపల ఏదో ప్రమాదమేనని ఆడవాళ్ళంతా గుండెలు పట్టుకుని ఉరికేవాళ్ళు. ఆమె ఒక్కతే వాళ్ళ భుజాలు తట్టేది.

"ఫికర్ చెయ్యకుర్రి. మా ఆయన ఉన్నడు గద అక్కడ."

వాళ్ళు తలలు వంచుకునేవాళ్ళు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటుండగా, సామ్యేల్‌తో పనిచేసే పోశం ఉరికొచ్చాడు. గడప దాటలేదు.

"అన్నా, డ్రెస్సింగ్ ఉన్నది. సర్దార్ రమ్మంటున్నడు."

సర్దార్ అంటే లోపల పని చూసే అతను. ఆదివారం బొగ్గు పని ఉండదు, నీళ్ళు తోడేవాళ్ళే దిగుతారు. సామ్యేల్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఎందరికి దెబ్బ తాకిందని సుగుణమణి అడిగింది. ఇద్దరని పోశం నేల చూస్తూ చెప్పాడు. ఆమె డబ్బా తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"ఏందయ్యా గట్ల కూసున్నవ్? అన్నం ఏడికి పోతది? నడువు, నేను గుడ వస్త. ఇద్దరికి కట్లు కట్టాలంటే నీ ఒక్క చెయ్యి సాలదు."

దారిలో ఆయన రెండుమూడు సార్లు నోరు తెరిచాడట. ఆమె చాలా ముందు నడుస్తోంది.

బాయి మూతి దగ్గర సర్దార్ గడ్డపార అందించాడు. దెబ్బ తగిలినవాళ్ళు ఏరని సుగుణమణి అడిగింది.

"లోపల్నే ఉన్నరమ్మా. కప్పు కూలింది, ఇంకింత యాలాడుతున్నది. ముందుగాల ఈయన పోయి దాన్ని కొట్టినంకనే వాళ్ళను తీసేది."

ఆమె గడ్డపారను చూసింది. మొగుడిని చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"అంగి ఇడువు," అంది చివరికి. "మాసిపోతది."

ఆ పూట ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కూలబోయే కప్పు ఎట్లా తెలుస్తుందని మాత్రం అడిగింది. గట్టి కప్పు ఖంగుమంటుందని, లోపల విడిచిపోయిన కప్పు బొయ్యిమంటుందని ఆయన చెప్పాడు. మూలనున్న ఖాళీ బిందె అడుగున వేళ్ళతో కొట్టి వినిపించాడు కూడా. వినిపించకుండా ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కుండగానీ బిందెగానీ ఖాళీగా ఉండలేదు. జోరువానల్లో కూడా అన్నీ అంచుదాకా నిండి ఉండేవి. చుట్టాలు వస్తే వంట గంజుల్లోని నీళ్ళు పారబోసి వండాల్సి వచ్చేది. నీళ్ళ పిసినారి అని పేరు పెట్టి మేము నవ్వుకున్నాం. ఆయన రోజూ బాయి దిగుతూనే ఉన్నాడు.

ఒకనాడు ఐలవ్వ తను అడిగి తీసుకుపోయిన బిందె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. మొదటి షిఫ్టు వదిలిన కూత అయిపోయి చాలాసేపైంది. వీధిలో ఆ షిఫ్టు నుంచి వచ్చిన మగవాళ్ళు అన్నాలు తిని చుట్టలు కూడా ముట్టించారు. ఐలవ్వ బిందెను గడప మీద బోర్లించి, సరదాగా అడుగున బొయ్యిమనేలా దరువేసింది. సుగుణమణి లోపలి నుంచి వచ్చి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"కొట్టకక్కా," అంది. "ఆయన ఇంకా పైకి రాలే."