‘అక్క’కూ ‘లేదు’కూ నడుమ

మొన్న కొత్త హామ్ రేడియో ఒకటి కొన్నాను. కంప్యూటరుకు ఒక్క తీగ పెడితే చాలునట, మిగతా సరంజామా అంతా దాని కడుపులోనే ఉందట. ఇన్నేళ్లూ రేడియోకూ కంప్యూటరుకూ మధ్య కూర్చుని ఇటు శబ్దాన్ని అటూ, అటు శబ్దాన్ని ఇటూ మోసిన నల్లటి యూఎస్‌బీ డబ్బా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఇక దేనికని ఊడదీశాను. పారేయడానికి చేయి రాలేదు.

తుంగభద్ర కర్నూలు వీధుల్లోకి వచ్చిన ఏడు మన ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు. బిందె నీళ్లకు కొట్లాడుకునే సీమవాళ్లం, నీళ్లకు భయపడటం మాకప్పటిదాకా తెలియదు. నేను కడపలో మిద్దె మీద గెడ పాతి, తీగ కట్టి, దేశదేశాలతో మాట్లాడేవాణ్ణి. నిజంగా మాట్లాడినవి కొన్ని, మాట్లాడానని చెప్పుకున్నవి మరికొన్ని. గేదె కొమ్ముకు తీగ చుట్టి జపాను పట్టానంటే వీధంతా నమ్మింది గానీ, కర్నూలు నుంచి వచ్చిన మా అక్క మాత్రం, “ఏమిరా, ఆ ఎనుము జపాను బాసలో అరిసిందా?” అని నలుగురిలో నా పరువు తీసింది.

ఆ అక్క వరద వచ్చిన రోజు కర్నూలు ఇంట్లో ఒంటరిగా ఉంది. బావ డ్యూటీ మీద శ్రీశైలంలో చిక్కుకుపోయాడు. ఫోన్లు మూగబోయాయి. అక్క వీధిలోనే నాలాంటి రేడియో పిచ్చివాడు ఒకాయన ఉండేవాడు, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన మిద్దెక్కి కారు బ్యాటరీతో రేడియో నడుపుతున్నాడు. రేడియో గురగురలో మనిషి గొంతు చెవికి ఆనలేదు. అలాంటప్పుడు మేం కంప్యూటర్లో మాటలు టైపు చేస్తే, డబ్బా వాటిని సన్నటి ఈలగా మార్చి రేడియోకిచ్చేది. ఎంత గోలలోనైనా అవతలి కంప్యూటరు ఆ ఈలను పట్టుకుని మళ్లీ అక్షరాలు చేసేది. అక్కను గురించి అడిగాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెల్లగా రాలింది.

‘అక్క’, తర్వాత ఏవో పిచ్చి గుర్తులు, తర్వాత ‘లేదు’.

బాగా వినబడితేనన్నా తెలుస్తుందేమోనని రేడియో శబ్దం పెంచాను, ఇంకా పెంచాను. పెంచినకొద్దీ తెరంతా చుక్కలూ కొక్కేలూ తప్ప ఒక్క అక్షరం లేదు. మా ఊళ్లోనూ కరెంటు పోయి ఉంది, రేడియోకు బ్యాటరీ ఉంది గానీ ల్యాప్‌టాప్‌లో ఛార్జి అడుగంటుతోంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి, “ఏమంటాండాడురా ఆ భాయి? మీ అక్క యాడుండాదంట?” అంది. పుట్టినప్పట్నుంచీ కోతలు కోసినవాణ్ణి, ఆ పూట ఒక్క అబద్ధం నోటికి రాలేదు.

“చెప్పవేమిరా? ముందు ఆ గోల తగ్గించు, తలకాయ పగిలిపోతాండాది!”

తగ్గించాను. శబ్దం అతిగా ఎక్కిస్తే డబ్బా ఉక్కిరిబిక్కిరై అక్షరాలను నమిలేస్తుందని వందమందికి నేర్పినవాణ్ణి, నా అక్క దగ్గరికి వచ్చేసరికి మరిచాను. నాకు అందిందో లేదో తెలియక భాయ్ అదే మాటను మళ్లీ మళ్లీ పంపుతున్నాడు. ఈసారి ఒక్క అక్షరం పోలేదు. ‘అక్క ఇంట్లో లేదు, మా మిద్దె మీద ఉండాది, టీ పెడతాండాది.’

అమ్మకు చదివి వినిపించి, పిల్లాడిలా ఏడ్చాను. ఆ తర్వాత ఈ కథను ఎన్నోసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా నీళ్లు ఒక అడుగు పెంచాను, అక్క చేత మిద్దె మీద బిర్యానీ కూడా వండించాను. “ఉత్త టీనే!” అని అక్క సరిచేస్తూ వచ్చింది.

పోయిన నెల బావ ఫోను చేశాడు. ఎక్కడా గురగుర లేదు, ఆయన ఊపిరి కూడా పక్కన కూర్చున్నట్టే వినబడింది. “అక్క లేదప్పా,” అన్నాడు. రెండు మాటల నడుమ ఏమన్నా జారిపోయిందేమోనని నేను చాలాసేపు ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాను. తగ్గించి వినడానికి ఆ ఫోనులో గోలే లేదు.