గుమ్మం దగ్గరి వైద్యం

కళ్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో మా ఆసుపత్రి గదిలోకి ముందు ఘాటు వస్తుంది, తర్వాత మనుషులు వస్తారు. ఆ ఘాటు తగిలితే చాలు, గురజాలలోని ఒక డాక్టరు మీద నా కోపం మళ్లీ కొత్తదవుతుంది.

అప్పుడు నేను మూడో తరగతి. అమ్మ కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరేది. దగ్గు తగ్గక ఆయన దగ్గరికి వెళితే, "అక్కడే నిలబడమ్మా, ఘాటు" అని గుమ్మంలోనే ఆపి మందు రాసిచ్చేవాడు. దూరం నుంచే జబ్బు కనిపెట్టేంత గొప్పవాడనుకున్నాను.

ఒకరోజు మేం గుమ్మంలో ఉండగానే ఆ కళ్లం రైతు కూడా దగ్గుతూ వచ్చాడు. డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి, వీపు మీద స్టెతస్కోపు ఆనించి, "గాలి గట్టిగా పీల్చండి బాబాయ్" అన్నాడు.

"అమ్మా, ఆయన జబ్బు దూరం నుంచి కనపడదా ఏంది?" అని పైకే అడిగాను.

"నోరు ముయ్యవే" అంది అమ్మ. ఆమె కళ్లలో నీళ్లు చూశాక నాకు అర్థమైంది. అమ్మ తలకు చుట్టుకున్న గుడ్డ లాక్కుని వెళ్లి ఫ్యాను కింద దులిపాను. డాక్టరూ రైతూ ఊపిరాడనట్టు తుమ్మారు. నాకది చాల్లేదు.

అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయని ఇంకో డాక్టరు పరీక్షించి చెప్పేసరికి ఆలస్యమైపోయింది.

ఇప్పుడు డాక్టరు కుర్చీలో నేనున్నాను. కళ్లం నుంచి వచ్చిన ఆడవాళ్లు అలవాటుగా గుమ్మంలోనే ఆగిపోతారు. "లోపలికొచ్చి కూచో పిన్నీ" అంటాను. వీపు మీద స్టెతస్కోపు పెడతాను. తుమ్ములు ముంచుకొస్తాయి. తుమ్ముతూనే వింటాను. తుమ్మినప్పుడల్లా ఆ గురజాల డాక్టరు మొహాన తుమ్మినట్టే ఉంటుంది.