పలకని ఇంటి ముందర నాగక్క

మా ఆడబిడ్డ నాగక్క సంగతి చెప్తా ఇనుండ్రి. ఆడబిడ్డని పొగిడేటిది ఎక్కడన్న ఉంటదా అంటరేమో. పొగుడుతలేను, ఉన్నది చెప్తున్న.

దమ్మపేట దాటి అడవి దిక్కు పోతే, పామాయిల్ తోటలు అయిపోయే కాడ మా గూడెం. పదిహేను ఇండ్లోల్లం ఏసయ్యని నమ్ముకున్నం. మమ్మల్ని ఆ బాటకి తెచ్చింది నాగక్క వాళ్ళ నాయన దూలయ్య. నాకు మేనమామ, పెండ్లయినంక మామ.

ఈస్టర్ అంటే ఆయనదే. ఇప్పపూలు రాలే రోజులాయె. తెల్లారకముందే మెడల డోలక్ ఏసుకొని ఇంటింటికి వచ్చేటోడు. చిన్నపిల్ల నాగక్క ముందల కందిలి పట్టుకొని నడిచేది. తలుపు ముందర నిలబడి "క్రీస్తు లేచిండు!" అని ఒక్క అరుపు. లోపల్నుంచి "నిజంగా లేచిండు!" అని పలకాలె, దీపం పెట్టాలె. పలికిందాక ఆయన కాళ్ళు కదలయ్. మేం పిల్లలం కావాలనే దుప్పటి కప్పుకొని నవ్వుకుంట పండుకునేది.

"ఏంది, ఈ ఇంట్ల ఒక్కరికన్న నోరు లేదా? అయితే ఈడ్నే పన్నెండు పాటలు పాడుతా" అనేటోడు.

అప్పుడు మా అమ్మ మా వీపుల మీద తలా ఒకటిచ్చి తనే పలికేది. ఇగ అందరం ఆ డోలక్ ఎనక సమాధుల కాడికి. ముందురోజే సున్నమేసిన సమాధులు చీకట్ల తెల్లగ కనవడేవి. మట్టిల కొవ్వొత్తులు గుచ్చి, పొద్దు పొడిచిందాక పాటలు. మా అమ్మోళ్ళ పానమంత ఇప్పచెట్ల కిందనే, ఏరుకునే లోపల గొడ్లు పూలు తింటయేమోనని. "జల్దీ కానియ్యి అన్నా" అంటే మామ కావాలనే ఇంకో పాట ఎత్తుకునేటోడు.

మామ పోయినంక డోలక్ ఎవ్వరు ముట్టలే. నాగక్క మెడకేసుకుంది. మొగుడు ఇడిచిపోయిండు, పిల్లల్లేరు, పామాయిల్ తోటల గెలలు మోసే కూలి. "ఆడది డోలక్ ఏసుకొని తిరుగుడేంది?" అని సీతయ్య బాబాయి అన్నడు. "అయితే నువ్వేసుకో, నేను హాయిగ పండుకుంట" అన్నది. 

ముప్పై ఏండ్లాయె. ఇప్పటి పిల్లలు సత్తుపల్లి దిక్కు పెద్ద మీటింగులకి బండ్లేసుకొని పోతున్నరు. "క్రీస్తు లేచిండని అందరికి ఫోన్ల పెట్టినం గద అత్తా, నీకెందుకు తిరుగుడు" అంటరు. "నాకు ఫోన్ల ఇనపడదు బిడ్డా" అంటది.

ఇగ మా ఇంటి సంగతి. ఆరేండ్ల కింద వానకాలం మా రూతుకి జెరమొచ్చింది. పద్నాలుగేండ్ల పిల్ల. గూడెమంత మోకాళ్ళేసి ప్రార్థన చేసిన్రు, దవాఖానాలకి తిప్పినం. దక్కలే. తర్వాత వచ్చిన ఈస్టర్ నుంచి మాయన వీరబాబు పలుకుడు బంద్ చేసిండు. "నా పిల్ల లెవ్వలే. ఎవరు లేస్తే నాకేంది" అన్నడు. నాకు కూడ చెప్పిండు, "నువ్వు పలికినవా, ఇగ నాతోని మాట్లాడకు" అని.

నాగక్క మాత్రం యేటా వచ్చి మా తలుపు ముందర నిలబడేది. పిలిచేది. మేమిద్దరం గోడ దిక్కు తిరిగి పండుకునేది. మాట నా నాలిక మీదికి వచ్చేది, మింగేదాన్ని. తెల్లారవట్టిందాక నిలబడి, అప్పుడు మిగిలిన నాలుగిండ్లకి పోయేది. వాళ్ళు ఊకుంటరా? "నీ తమ్ముని మొండితనానికి మా పండగ ఆగాల్నా నాగక్కా? సమాధుల కాడికి పోయేసరికి ఎండెక్కుతుంది" అని తిట్టేటోళ్ళు. రూతు సమాధికి సున్నమేసేది కూడ ఆమెనే. మాయన ఆ దిక్కు పోడు, నన్ను పోనియ్యడు.

ఇయ్యేడు ఆ వారమంత గెలల పని. శుక్రవారం ఏసయ్య సిలువ మీద అన్న ఏడు మాటలు చెప్తుంటే నాగక్క కూసున్న కాడనే నిద్రపోయింది. "అలిసిపోయిన్నే వనజా" అన్నది నాతోని. గంతే.

ఆదివారం మబ్బుల, ఇంకా చీకటుండంగనే, డోలక్ ఇనపడ్డది. సీతయ్య బాబాయి పలికిండు. పక్కింటోల్లు పలికిన్రు. ఇగ మాదే. డోలక్ మా వాకిలి దాక వచ్చింది. ఆగలే. పోయింది.

మాయన దిగ్గున లేచి కూసున్నడు. "ఏంది, పోతుందా?"

"అవ్, పోతుంది."

"పిలవకుండనే?"

లుంగీ సర్దుకుంట బయటికి ఉరికిండు. నేను ఎనకనే.

"ఏ అక్కా! ఆగు! నా ఇల్లు కనవడలేదా?"

"కనవడ్డది. పిలిస్తే పలకవు గదరా."

"పలక. అయినా నువ్వు పిలవాలె."

"ఎందుకు పిలవాలె? నా కాళ్ళేమన్న ఇనుప కాళ్ళా? మిగిలిన ఇండ్లోల్లతోని మాటలు పడేది నేను, దుప్పటి కప్పుకొని పండుకునేది నువ్వు."

"నాయన ఒక్క ఇల్లన్న ఇడిచిండా ఎన్నడన్న?"

"నాయనకి నీ అసొంటి తమ్ముడు లేడు."

మాయన ఆమెకి అడ్డమొచ్చి నిలబడ్డడు. చిన్నగన్నడు: "నువ్వు పిలుస్తుంటే, మమ్మల్ని ఇంకా ఇడవలే అనుకున్న."

నాగక్క డోలక్ కింద పెట్టి మా గడప కాడ కూలబడ్డది. "నిలబడలేనురా. కూసోనే పిలుస్తా. పలికిందాక లేవ."

పిలిచింది. అరుపు కాదు, బొంగురు గొంతు. మాయన నేల చూసుకుంట నిలబడ్డడు. ఇంకా పిలవని నాలుగిండ్లోల్లు డోలక్ ఆగిందేందని కొవ్వొత్తులు పట్టుకొని వచ్చిన్రు. ఎవ్వరు తిట్టలే. ఆమె మళ్ళ పిలిచింది. మూడోసారి పిలిచి తల గోడకి ఆనిచ్చింది, కండ్లు మూతలు పడుతున్నయ్.

ఇగ నాతోని కాలే. "నిజంగా లేచిండు వదినా" అన్న.

నమ్మి అన్ననా అంటే ఏమో, ఇప్పటికి తెల్వదు. ఆమె లేవాలని అన్న.

మాయన నా దిక్కు చూడలే. అక్క చంకల చెయ్యేసి లేపిండు. "నడువ్, పొద్దు పొడుస్తది" అన్నడు. తను రాలే. వాకిట్లనే నిలబడ్డడు. ఆరేండ్లకి నేను రూతు కాడ కొవ్వొత్తి పెట్టిన.

తెల్లారి సోమవారం నాగక్క మళ్ళ గెలలు మొయ్య పోయింది. మాయన అన్నట్టే ఆదివారమంత నాతోని మాట్లాడలే. సోమవారం మాపటికి ముద్ద నోట్ల పెట్టుకొని, "కూరల ఉప్పెక్కువైంది" అన్నడు.