ఇరవై నిమిషాల ఖాళీ

మీ ఊరి పక్కనున్న హైవేను రోజూ కాలినడకన దాటేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసా? టోల్‌గేటు దగ్గర ఎంత కట్టాలో తెలుసు. నెల్లూరు నుంచి చెన్నైకి ఎన్ని గంటలు పడుతుందో తెలుసు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని లారీకీ లారీకీ నడుమ పరుగెత్తే మనుషుల లెక్క మాత్రం తెలియదు. ఇప్పటి లెక్క నాకూ తెలియదు. అందుకే నిన్న పొద్దున కొడవలూరు దాటాక వచ్చే మా ఊరి అండర్‌పాస్ దగ్గర, అంచునే పిక్కల దాకా నిలిచిన వాననీళ్ళలో, అట్టకు బిగించిన కాగితం పట్టుకొని నిలబడ్డాను. తడిసిన కాంక్రీటు, డీజిలు, కుళ్ళిన గడ్డి, అన్నీ కలిసిన వాసన. తలమీద ఆరు వరుసల రోడ్డు. లారీ వెళ్ళిన ప్రతిసారీ పైన అతుకు దగ్గర దడదడమని రెండు దెబ్బలు, ఆ వెంటనే నా కాళ్ళ చుట్టూ నీళ్ళలో సన్నని వణుకు. ఆ చప్పుడులో ఖాదర్ బాషా గారి గొంతు గుర్తుకొచ్చింది. "వినబడింది కాదు అమ్మణ్ణీ, కనబడింది రాయి."

ఖాదర్ బాషా గారు మీరు ఎరిగుండే మనిషి కాదు. ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. రోడ్డు వెడల్పు చేసే ముందు దానిమీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో లెక్క తీస్తారు. ఆ లెక్క తీసేవాళ్ళ మీద ఆయన సూపర్‌వైజరు. చిట్టమూరు వైపు మనిషి. బక్కపలచని ఒళ్ళు, ఉతికిన తెల్ల చొక్కా, జేబులో ఒక నల్ల పెన్ను, ఒక ఎర్ర పెన్ను. నేను డిగ్రీ పూర్తిచేసి, వాదపోటీల్లో గెలిచిన కప్పులు ఇంట్లో అలమారా మీద పెట్టుకొని, ఉద్యోగం దొరక్క ఆ పనిలో చేరాను. హైవేను నాలుగు వరుసల నుంచి ఆరుకు పెంచుతున్నారు. పాత కూడలిని పడగొట్టి, మైలు అవతల కొత్త వంతెన కూడలి కడతారట. మా అడ్డరోడ్డు దగ్గర రోడ్డు నడిమి దిమ్మెలో, అదే మీడియన్‌లో, ఉన్న సందును మూసేసి, రోడ్డు ఎత్తు పెంచి, పొడుగునా గోడ కడతారట. మా ఊరు పడమర, వరి పండే కయ్యలు తూర్పున. మా అమ్మ మరియమ్మ, ఆమెతో నాట్లకూ కలుపుకూ వెళ్ళే ఆడవాళ్ళంతా రోజుకు రెండుసార్లు ఆ సందులోంచే దాటాలి. వాళ్ళు దాటే దారి పటంలో లేదు. అది ఎక్కుతుందో లేదో ఆ మూడు రోజుల లెక్క తేల్చబోతోందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఖాదర్ గారికి తెలుసు.

మొదటి రోజు పొద్దున మా చేతికిచ్చిన కాగితంలో లారీకి ఒక గడి, బస్సుకు ఒకటి, కారుకు, ట్రాక్టరుకు, మోటారు సైకిలుకు, ఆఖరికి ఎద్దుల బండికి కూడా ఒక గడి ఉంది.

"సార్, నడిచేవాళ్ళకు గడి లేదే?" అన్నాను.

"లేదు. ఎద్దుకు ఉండాది చూడు, దాన్ని తోలేవాడు దిగి నడిస్తే లేడు" అన్నారాయన. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, స్కేలు పెట్టి, కాగితం చివర ఒక నిలువు గీత గీశారు. పైన 'నడిచేవారు' అని రాశారు.

"అడగని లెక్క గదా సార్ ఇది?"

"అడిగినవే రాసేదానికైతే మనమెందుకు, ఒక మిషను పెడితే చాలు."

నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. ఒక్కో గీత ఒక్కో మనిషి. పొద్దు కాస్త పైకెక్కేసరికి మిగతా గడులు సగం కూడా కాలేదు, ఎర్ర గీత పక్కనున్న గడి నిండిపోయి కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఆ గీతల్లో ఒకటి మా అమ్మ. దాటి, అవతల నిలబడి, ఇదేం ఉద్యోగమే అన్నట్టు నావైపు చూసి వెళ్ళింది.

ఆ ముందురోజు అమావాస్య. సందు దగ్గర పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు, కోసిన నిమ్మకాయలు రోడ్డు మీద జారుడుగా పడి ఉన్నాయి. పక్కనే టీ బంకు నడిపే శీనయ్య మాకు గ్లాసులు అందిస్తూ, "ఈ తావులో శక్తి ఉండాది సార్. ఏడాదికో తలకాయ అడగతాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. శక్తులూ లేవు, బలులూ లేవు, ఇదంతా మీ భయం అని పోటీలో మాట్లాడినట్టే దంచేశాను. శీనయ్య అంతా విని, "మీ చర్చీలో సైతాను లేడామ్మే?" అన్నాడు. బంకు చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కప్పులు గెలిచిన నేను టీ గ్లాసు పక్కన పెట్టి అట్ట చేతికి తీసుకున్నాను.

ఖాదర్ గారు ఎవరితోనూ వాదించలేదు. బంకు ముందు ఆగి ఉన్న లారీ డ్రైవరును అడిగి క్యాబిన్‌లోకి ఎక్కారు. శీనయ్యను పోయి మీడియన్ సందులో నిలబడమన్నారు.

"శీనయ్యా, చెయ్యెత్తు!"

"ఎత్తినా సార్!"

"కనబళ్ళా!"

"ఎగరతాండా సార్!"

"అయినా కనబళ్ళా!"

తరవాత తాను దిగి సందులో నిలబడి, శీనయ్యను క్యాబిన్‌లోకి ఎక్కించారు. శీనయ్య కిందికి దిగినప్పుడు నవ్వడం లేదు. "అంతా గన్నేరు పూలే సార్. మనిషే అగపడ్డం లా" అన్నాడు. మీడియన్ మీద వరసగా పెంచిన గన్నేరు చెట్లు మనిషి ఎత్తుకు మించి పెరిగాయి. వాటి చాటున నిలబడ్డ మనిషి లారీ ముందుకు అడుగేసినప్పుడే డ్రైవరుకు కనిపిస్తాడు. ఏడాదికో తలకాయ అడిగింది ఆ చెట్లు, వాటిని కత్తిరించని చేతులు. గుమ్మడికాయ కొట్టి ఊరుకున్నంతకాలం ఆ చేతులకు ఏ చింతా లేదు. నేను గంటసేపు అరిచి శీనయ్య చేత ఒప్పించలేని సంగతిని ఖాదర్ గారు అతని కళ్ళకే అప్పజెప్పారు.

ఆయన నాస్తికుడు కాదు. మధ్యాహ్నం కల్వర్టు నీడలో తువ్వాలు పరుచుకొని నమాజు చేసుకునేవారు. "ఇంత లెక్కల మనిషి, మీకు ఇదెందుకు సార్?" అని ఒకసారి గుచ్చాను. తువ్వాలు దులుపుకుంటూ, "ఆయన పని ఆయనకు ఉండనీ. ఈ రోడ్డు ఆయన గీయలా, మన బోటి మనిషే గీసినాడు. మనిషి చేసిన తప్పు ఆయన నెత్తిన పెట్టేది నాకు నచ్చదు" అన్నారు. ఆ జవాబుతో నాకు ఇప్పటికీ పూర్తిగా పొత్తు కుదరలేదు. కానీ దేవుణ్ణి నమ్మని చాలామంది దగ్గర నాకు దొరకని నిక్కచ్చితనం ఆ మనిషి దగ్గర దొరికింది.

మూడో రోజు పదిగంటల వేళ రమణమ్మ పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని సందులోంచి అడుగేసింది. మా వీధి మనిషే, పెద్ద వయసు. మోపు అంచు కళ్ళకు అడ్డం. ట్యాంకరు వస్తోంది. నేను కేకేశాను, ఆమెకు వినబడలేదు. అట్ట పారేసి పరుగెత్తి చెయ్యి పట్టి లాగాను. ఇద్దరం గన్నేరు చెట్లలో పడ్డాం. మోపు రోడ్డు మీద పడింది, ట్యాంకరు దాని మీదుగా పోయింది. రమణమ్మ మణికట్టు వాచింది. శీనయ్య బంకులో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఆమె కొడుకు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. తిరిగి వచ్చి గడియారం చూస్తే ఇరవై నిమిషాలు. కాగితంలో ఆ ఇరవై నిమిషాలూ తెల్లగా ఉన్నాయి. నేను ఆ తెలుపును నింపేశాను. ముందురోజు ఆ వేళకు ఎంతమంది దాటారో చూసి, అన్ని గీతలూ గీసేశాను.

మధ్యాహ్నం ఖాదర్ గారు కాగితం మీద వేలు పెట్టి ఆపారు. "నీ గీతలు వంకర పోతాయి. ఇవి వరసగా ఉండాయి. ఈ టయానికి నువ్వు యాడుండావు?"

చెప్పాను. "మంచికే గదా సార్ గీసింది. ఆ టయానికి అంతమంది వస్తారు, నాకు తెలుసు."

"తెలిసిందంతా రాయబాక. చూసిందే రాయి. ఇందులో ఒక్క అబద్ధం దొరికిందంటే చాలు, నీ అమ్మ గీత కూడా అబద్ధమే అంటారు." ఆయన గొంతు పెంచలేదు. నేను ఏడ్చాను. ఆ గీతలన్నీ నాచేతే కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించి, కింద ఎర్ర పెన్నుతో తానే రాశారు: 'ఈ ఇరవై నిమిషాలు లెక్కించలేదు.'

ఆ సాయంత్రమే మాచేత లెక్క తీయిస్తున్న కంపెనీ ఇంజనీరు కారులో దిగాడు. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "ఖాదర్ గారూ, ఫార్మాట్‌లో లేని కాలమ్ ఎందుకండీ? అది తీసేసి ఫెయిర్ కాపీ ఇవ్వండి. మీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే కదా, నేనూ పైన మాట్లాడాలి."

"కాంట్రాక్టు మీ చేతిలో ఉండాది సార్. కాయితం మాత్రం ఇదే" అన్నారు ఖాదర్ గారు.

నెల తిరక్కుండానే అధికారులు మండల కేంద్రంలో షామియానా వేసి జనం మాట వింటామన్నారు. మైకు దగ్గరికి మొదట గుడి కమిటీ వెళ్ళింది: రోడ్డు పక్కన అమ్మవారి గద్దె కదపకూడదు. తరవాత మా చర్చి పెద్దలు: ఆర్చి పడగొట్టకూడదు. ఆ తరవాత దర్గా తరఫున ఒకరు: ప్రహరీ జోలికి రాకూడదు. మూడు మతాలూ ఒకదాని వెంట ఒకటి వచ్చి రాళ్ళ కోసం ప్రాధేయపడి వెళ్ళాయి. మనుషుల కాళ్ళ కోసం ఒక్కరూ అడగలేదు. అధికారి చేతి గడియారం చూసుకున్నారు. నా పక్కన కూర్చున్న ఖాదర్ గారు లేవబోతే, వెనకనుంచి ఇంజనీరు "మీరు మా స్టాఫ్ అండీ" అన్నాడు. ఆయన కూర్చుండిపోయి కాగితాలు నా ఒళ్ళో పెట్టారు. "నీది ఈ ఊరే గదా. లెయ్. ఉపన్యాసం వద్దు, చదువు చాలు."

చదివాను. గంట వారీగా, తూర్పుకు ఎంతమంది, పడమరకు ఎంతమంది. ఇంజనీరు లేచి, "సార్, ఈ లెక్క నమ్మదగింది కాదు. మూడో రోజు ఇరవై నిమిషాలు ఖాళీ ఉంది చూడండి" అన్నాడు. అధికారి కాగితం తెప్పించుకొని ఎర్ర అక్షరాలు చదివారు. "ఎందుకమ్మా లెక్కించలేదు?" నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి కట్టు కట్టిన చెయ్యి ఒకటి లేచింది.

"ఆ ఖాళీలో నేనుండా సార్" అంది రమణమ్మ. "ఆ పిల్ల నన్ను లాక్కపోకుంటే ట్యాంకరు గీత ఒకటి పడుండేది మీ కాయితంలో. నేను ఉండను."

అధికారి ఆ కాగితాన్ని తిరిగి ఇవ్వలేదు. ఫైలులో పెట్టుకున్నారు. నేను ఆ గడిని నింపి ఉంటే రమణమ్మకు అందులో చోటు ఉండేది కాదు.

అండర్‌పాస్ వచ్చింది. ఖాదర్ గారిని మరుసటి నెల నుంచి రావద్దన్నారు. ఈ సంగతి నాకు శీనయ్య చెప్పాడు. ఆయన నోటినుంచి ఎప్పుడూ రాలేదు. తరవాత ఆయన చిట్టమూరు వైపు వెళ్ళిపోయారు. రోడ్డు తెరిచిన రోజు ఫోను చేసి, సార్, అమ్మావాళ్ళు కిందనుంచి నడిచి పోయినారు అని గొప్పగా చెప్పాను. "సంతోషం. వానకు నీళ్ళు నిలస్తాయా?" అన్నారు. చూడలేదన్నాను. "చూడు" అన్నారు. అవే నాతో ఆయన ఆఖరి మాటలు. ఆ ఏడాదే జబ్బుచేసి పోయారు. ఆ నీళ్ళ సంగతి నేను చూడనే లేదు. వ్యాసాలు రాశాను, సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కురిపించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. మా ఊరి కాలువ పూడిపోయి, వాన పడ్డ ప్రతిసారీ అండర్‌పాస్ మునిగి, ఆడవాళ్ళు మళ్ళీ గట్టెక్కి గోడ దూకుతున్నారని మా అమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు. నిన్న నేను లెక్కపెట్టింది వాళ్ళనే. నీళ్ళ దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగి పైకెక్కినవాళ్ళను. మధ్యలో ఒక ముసలాయనను చెయ్యి పట్టి రోడ్డు దాటించడానికి పైకి వెళ్ళాను. ఆ కాసేపూ కాగితంలో ఖాళీగానే ఉంది. కింద ఎర్ర పెన్నుతో రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఈ వారం అధికారుల బల్లమీద ఉంటుంది.

ఇది చదివి అయ్యో పాపం అనుకొని పుట మడిచేయకండి. మీ జాలి ఎవరినీ రోడ్డు దాటించదు. రేపు పొద్దున ఒక కాగితం, ఒక పెన్ను తీసుకొని మీ ఊరి రోడ్డు దగ్గరికి వెళ్ళండి. కాగితం చివర ఒక గీత గీసి, నడిచేవారు అని రాయండి. చూసినంతే గీయండి, చూడనిచోట ఖాళీ వదలండి. కింద సంతకం పెట్టి తీసుకెళ్ళి అధికారులకు ఇవ్వండి. తీసుకునేదాకా అక్కణ్ణుంచి కదలకండి.