గాలి నిండిన చేప

విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంటు వాళ్లమంతా కలిసి విశాఖపట్నం వెళ్లాం. స్కూబా డైవింగ్ చేయాలన్నది అసోసియేషన్ ప్రెసిడెంటు గారి కోరిక. ఆయనది మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఏం చేసినా పదిమంది చూడాలి. మా ఆయన ఆయనకు కుడిభుజం. నాకు నీళ్లంటే భయం లేదు, అవనిగడ్డ దగ్గర పంట కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని. ఆడవాళ్లలో సముద్రంలోకి దిగడానికి ఒప్పుకున్నది నేనొక్కదాన్నే.

ఒడ్డున నాకిచ్చిన రబ్బరు సూటు అప్పటికే తడిగా ఉంది. అంతకుముందే ఎవరో వేసుకుని విప్పినది. మెడ దాకా లాక్కునేసరికి పాత చెమట, ఉచ్చ కలిసిన వాసన గుప్పుమంది. గాలి పీల్చే గొట్టాన్ని తెట్టు కట్టిన బకెట్ నీళ్లలో ఓసారి ముంచి చేతికిచ్చారు. నోట్లో పెట్టుకునే చోట ఎవరివో పళ్ల గాట్లు. పడవ కదిలాక ప్రెసిడెంటు గారి బావమరిది పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కాడు. సగం నా కాళ్ల మీదే పడింది.

"ఏం కాదులే వదినా, ఎలాగూ సముద్రంలో దిగుతావుగా" అంది సరదాగా చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ, ముక్కు మూసుకుంటూ.

గొట్టం నోట్లో పెట్టుకోగానే డోకొచ్చింది. కళ్లు మూసుకుని దిగిపోయాను.

కింద నీళ్లు అంత తేటగా లేవు. రాళ్ల సందుల్లో గుట్కా ప్యాకెట్లు ఇరుక్కుని ఉన్నాయి. వాటి మధ్యనే పసుపు చారల చిన్న చేపలు తిరుగుతున్నాయి. ఒక రాతి పక్కన అరచేయంత చేప కనబడింది. మొద్దు మూతి, ఒళ్లంతా పొట్టి ముళ్లు, మనిషి కళ్లలా పెద్ద కళ్లు. చిన్న రెక్కలు గబగబా ఆడిస్తూ ఉన్నచోటే నిలబడి ఉంది. నన్ను చూసి పారిపోలేదు. ఒక కన్ను మెల్లగా నా వైపు తిప్పింది. నా కాళ్ల మీద పడ్డ ఉప్మా సంగతి కూడా ఆ కాసేపు మర్చిపోయాను.

అంతలో నా భుజం పక్కనుంచి గ్లవుజు తొడిగిన చెయ్యి ఒకటి వచ్చి దాన్ని పట్టుకుంది. ప్రెసిడెంటు గారు. చేప భయంతో బంతిలా ఉబ్బింది. మాతో దిగిన ట్రైనరు అమ్మాయి వద్దని చెయ్యి ఊపుతున్నా ఆయన దాన్ని పైకి తీసుకుపోయారు.

నేను పడవెక్కేసరికి అది చేతులు మారుతోంది. నీళ్లకు బదులు గాలి మింగి ఇంకా ఉబ్బిపోయింది. పళ్లు కిరకిరమంటున్నాయి. బావమరిది మూతి తుడుచుకుని, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు దాని పొట్ట మీద వేలితో కొట్టాడు. మా ఆయన ఫొటోలు తీస్తున్నారు.

"వదిలేయండి అన్నయ్యగారూ, చచ్చిపోద్ది" అన్నాను.

"ఉండమ్మా, సెల్ఫీ అవనీ. అంత జాలైతే రేపట్నించి మీ ఇంట్లో పులుసు బందా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా.

చేపలు తినే ఇంట్లో పుట్టాను. బూడిద రాసి పొలుసు గీకడం, పొట్ట కోసి పేగులు లాగడం చిన్నప్పటినుంచీ చేస్తున్నాను. ఏనాడూ కలగని రోత ఆ పడవలో కలిగింది.

సెల్ఫీ అయ్యాక ప్రెసిడెంటు గారు దాన్ని నీళ్లలోకి బంతిలా విసిరేశారు. అది మునగలేకపోయింది. వెల్లకిలా తేలుతూ రెక్కలు కొట్టుకుంటోంది. దానికీ నవ్వారు. నేను దూకేశాను. ట్రైనరు అమ్మాయి నా వెనకే దూకి, "తల పైకి ఉండేలా నీళ్లలో పట్టుకోండి మేడం" అంది. ముళ్లు అరచేతిలో దిగుతున్నా పట్టుకున్నాను. చాలాసేపటికి దాని నోట్లోంచి బుడగలు వచ్చాయి. సంచిలా వదులైపోయి, ఒక పక్కకు ఒరిగి ఈదుకుంటూ కిందకు పోయింది. బతికిందో లేదో తెలియదు.

ఆ సాయంత్రం హోటల్లో ఒంటికి ఎంత సబ్బు రాసినా సూటు వాసన పోలేదు. భోజనాల దగ్గర మా ఆయన వడ్డించబోతే కంచం పక్కకు జరుపుకున్నాను.

మర్నాడు రైల్లో అడిగారు. "ఏమైందే నీకు, ఒక్క చేప కోసం?"

"చేప కోసం కాదండీ. మీరు నవ్వారు."

ఏలూరు దాటాక, "అందరూ నవ్వుతుంటే నవ్వాను" అన్నారు.

లేచి వెళ్లి వాష్‌బేసిన్ దగ్గర నిలబడ్డాను.

విజయవాడలో దిగుతుంటే ప్రెసిడెంటు గారు, "వచ్చే ఏడు అండమాన్!" అని ప్రకటించారు. మా ఆయన నా మొహం చూసి, "మేం రాలేమండీ" అన్నారు మెల్లగా. ప్రెసిడెంటు గారికి వినబడలేదు. మా ఆయన గొంతు పెంచి మళ్లీ చెబుతుంటే నేను బ్యాగు తీసుకుని ముందు నడిచాను.