స్తంభం వెనక కుర్చీ

కేజీఎఫ్‌లోని మా పాత నాటకశాలకు వానల్లోపు కొత్త కప్పు వేయాలని చందాలకు తిరిగినాయన, ఒకప్పటి ఆ హాలు గేట్‌కీపరే. చందా ఇచ్చిన ప్రతివాళ్లనూ "నీ కుర్చీ యాడ వేసేదప్పా?" అని అడిగేవారు. మధ్య వరుసలో మాట స్పష్టంగా వినిపిస్తుందని లైబ్రరీలో చదివి, నేను అక్కడే కోరుకున్నాను.

"పుస్తకాలోడివి, నీ మాటే కానీ" అన్నారు.

చనిపోయిన గని కార్మికుడి భార్య ఒకామె మాత్రం స్తంభం వెనక కావాలని అడిగింది.

"ఆడ నాటకం కనపడదు గదమ్మా!"

"షిఫ్ట్ దిగొచ్చి మాయాయన ఆడనే నిద్రపోతావుండె. నేను ఆయన్నే చూస్తావుంటి."

కప్పు పడింది. మొదటి నాటకానికి హాలు నిండిపోయింది. స్తంభం వెనక ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. ఎవరో అందులో కూర్చోబోతే ఆ పాత గేట్‌కీపర్ గేటు వదిలి పరుగున వచ్చారు.

"వేరే జాగా చూసుకోప్పా. ఆ సీట్లో మనిషుండాడు."