నలభై రోజుల డబ్బా

పెదనాన్నకి తన తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే, ఒక సూత్రం. ఏదైనా కొనాలనిపిస్తే చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. నలభై రోజులయ్యాక కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. వినడానికి ముచ్చటగానే ఉంది. దానికి ఆయన సొంతంగా ఒక తోక తగిలించాడు. గడువులోపల ఎవరైనా ఆ వస్తువు ఊసెత్తితే "ఆత్రం చావలేదన్నమాట" అని చీటీ మీద కొత్త తారీఖు వేస్తాడు. మళ్లీ నలభై. ఎత్తకపోతే "అవసరమే లేదు, చూశావా" అంటాడు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాల మీద తారీఖులు గుద్దిన చెయ్యి మరి, ఊరుకుంటుందా?

అమ్మానాన్న పోయాక ఆయన పెంచిన తమ్ముడి కూతురిని వీధివాళ్లు టైలరమ్మ అంటారు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఆ ఇంటి మెట్ల కిందే మిషను పెట్టుకుని కుడుతుంది. తలెత్తితే మెట్టు తగులుతుంది. ఎవరు దిగినా దుమ్మంతా బట్ట మీదే. ఆరేళ్ల కిందట సందు మొదట్లో ఒక గది ఖాళీ అయింది. పెద్ద కిటికీ, కత్తిరింపు బల్లకి చోటు. తన సంపాదన తన బ్యాంకులోనే ఉంది, అయినా బుద్ధిమంతురాలిలా చీటీ వేసింది. పన్నెండో రోజున చెప్పుల కొట్టువాడు ఆ గదిలో దిగాడు. "చూశావా, డబ్బు మిగిలింది" అన్నాడు పెదనాన్న. అవును, మిగిలింది. మెడనొప్పి కూడా మిగిలింది.

ఇప్పుడు చెప్పుల కొట్టువాడు ఖాళీ చేశాడు. గది సొంతదారు, మందుల షాపావిడ, పొద్దున్నే వచ్చింది. "సాయంత్రంలోగా అడ్వాన్సు ఇస్తే నీకే. లేదంటే జిరాక్సువాళ్లకి ఇచ్చేస్తా. మళ్లీ నన్ననుకోకు."

ఆ సంగతి చెప్తే పెదనాన్న చదువుతున్న పేపరు మడిచి కలం అందించాడు.

"రాసి డబ్బాలో వెయ్యమ్మా. మా నాన్న నేర్పిన పద్ధతి, ఏనాడూ అన్యాయం చెయ్యలేదు."

"మీకు చెయ్యలేదు."

"ఏమిటీ?"

"ఏం లేదు పెదనాన్నా."

ఆ "ఏం లేదు"తోనే ఇన్నేళ్లూ వెళ్లబుచ్చింది. కాళ్లకి సంకెళ్లేమైనా ఉన్నాయా? తన మీద తనకే రోత పుట్టింది.

అలవాటు చొప్పున డబ్బా మూత తీసింది. చీటీలు కిక్కిరిసి ఉన్నాయి. చోటు చేద్దామని పైవి తీస్తే అడుగున పెద్దమ్మ గుండ్రటి అక్షరాలు కనిపించాయి: కళ్లజోడు. కింద పెదనాన్న చేతిరాతలో ఐదు తారీఖులు, ఒకటి కొట్టేసి ఇంకొకటి. ఆఖరిది వేసి తొమ్మిదేళ్లయింది. ఆ తర్వాత పెద్దమ్మ అడగడం మానేసిందన్నమాట. టైలరమ్మ కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టేది ఆ పెద్దమ్మే, వేళ్లతో తడుముకుంటూ. ఎప్పుడడిగినా "నాకు అలవాటేలే" అంటుంది. ఆ మాట నమ్మినందుకు టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఇంకా ఏమీ రాయని తన చీటీ నలిపి పారేసింది.

"పెద్దమ్మా, చెప్పులు వేసుకో."

"ఎక్కడికే?"

"పనుంది, రా."

ముందు మందుల షాపుకి వెళ్లి అడ్వాన్సు కట్టి తాళంచెవి తీసుకుంది. అక్కణ్ణించి కళ్లజోళ్ల కొట్టుకి నడిపించింది. కళ్లు పరీక్ష చేసినవాడు "ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారండీ?" అన్నాడు. గంట కూర్చోబెట్టి అద్దాలు బిగించి ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి పెదనాన్న డబ్బా ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నలభై రోజులు ఆగలేకపోయారా? మా నాన్న పరువు మంట గలిపారు కదే."

పెద్దమ్మ ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. చిరిగిన బనియను, బిగబట్టిన పెదవులు, ఆ డబ్బా, అన్నీ తీరిగ్గా చూసింది. తర్వాత టైలరమ్మ వైపు తిరిగింది.

"మసగ్గా ఉన్నప్పుడు ఈయన పెద్దమనిషిలా కనిపించేవాడే" అంది.